గడియారం మీద బొట్టుబిళ్ల: ఏడీహెచ్‌డీ ఉన్న మా చిన్నోడికి పనులు అలవాటు చేసిన తీరు

ఆ రోజు పొద్దున ఒక జాకెట్ పూర్తి చేసే తొందరలో ఉన్నాను. మిషన్ దగ్గరి నుంచే అరిచాను: "పళ్లు తోముకో, స్నానం చెయ్, యూనిఫాం వేసుకో, డబ్బా బ్యాగులో పెట్టుకో." అరగంటకు లేచి చూస్తే వాడు నోట్లో బ్రష్షుతో పాత మిషన్ కింద కూర్చుని బాబిన్‌కు దారం చుడుతున్నాడు. కొట్టాను. అప్పుడు వాడికి 6 ఏళ్లు. వాడు మొండికేయలేదు. నేను చెప్పిన నాలుగు మాటల్లో మొదటిది తప్ప మిగతావి వాడి దగ్గర నిలవలేదంతే. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఇంకో ఏడాది పట్టింది. ఆ దెబ్బ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మాది నల్లగొండ. రామగిరిలో చిన్న టైలరింగ్ షాపు, దాని వెనకే ఇల్లు. వాడికిప్పుడు 10 ఏళ్లు.

మొదట చేయాల్సింది డాక్టర్‌కు చూపించడం. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆలోచించేలోపే పని చేసేయడం. అయితే అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఏడీహెచ్‌డీ ఉండదు. ఆ లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలయ్యాయా, కనీసం 6 నెలలుగా ఉన్నాయా, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా ఇబ్బంది పెడుతున్నాయా అని డాక్టర్లు చూస్తారు. రక్త పరీక్షతోనో స్కానింగ్‌తోనో తేలేది కాదు. మనల్ని, టీచర్‌ను అడిగే తేలుస్తారు. అందుకే నేను 15 రోజులు షాపు లెక్కల పుస్తకం చివర రాసుకున్నాను: ఏ పని సగంలో వదిలాడు, ఏ వస్తువు పోగొట్టాడు, ఎంతసేపు కుదురుగా కూర్చున్నాడు. ఆ కాగితాలే డాక్టర్‌కు బాగా పనికొచ్చాయి. కళ్లు, చెవులు కూడా ముందే పరీక్ష చేయించండి. బోర్డు కనపడని పిల్లాడు కూడా పాఠం మీద మనసు పెట్టలేడు.

నల్లగొండ మెడికల్ కాలేజీ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించవచ్చు. బడికి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ బృందం) వాళ్లు వచ్చినప్పుడు చెప్పండి, వాళ్లు చూడాల్సిన సమస్యల జాబితాలో ఇది ఉంది. ఎవరిని అడగాలో తోచకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. ఈ సమస్య ఉన్న వాళ్లంతా గంతులేయరు. కిటికీ వైపు చూస్తూ, అడిగింది మర్చిపోతూ, నెమ్మదిగా ఉండేవాళ్లూ ఉంటారు. గొడవ చేయరు కాబట్టి వాళ్లను ఎవరూ పట్టించుకోరు.

ఇక ఇంట్లో సంగతి. దూరం నుంచి చెప్పడం మానేశాను. మిషన్ ఆపి, వాడి దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, ఒక్క పని చెప్తాను. "ఇప్పుడేం చేయాలె బిడ్డా?" అని వాడితో చెప్పిస్తాను. అది అయ్యాకే రెండోది. మొదట్లో ఇంత టైమ్ ఎక్కడిదనిపించింది. కానీ పదిసార్లు అరిచి, చివరకు నేనే స్నానం చేయించే టైమ్ కంటే ఇది తక్కువే.

ఈ పిల్లలకు కాలం ఎంత గడిచిందో తెలియదు. "పది నిమిషాలు" అన్నా "గంట" అన్నా వాళ్లకు ఒకటే. అందుకని గోడ గడియారం అద్దం మీద నా ఎర్ర బొట్టుబిళ్ల అంటించాను. పెద్ద ముల్లు బొట్టు దాకా వచ్చేవరకు హోంవర్క్, ఆ తర్వాత ఐదు నిమిషాలు గల్లీలో ఉరుకొచ్చు. పది నిమిషాలతో మొదలుపెట్టాం, ఇప్పుడు పావుగంట దాకా వచ్చాం. అంతకంటే ముందుకు జరిపితే వాడికి టెన్షన్ పెరుగుతుంది, నేను జరపను.

కదలకుండా కూర్చోమని పోరడం కూడా మానేశాను. పాత తొక్కుడు మిషన్‌కు బెల్టు తీసేసి, సూది పీకేసి, వాడికిచ్చాను. పుస్తకం దాని పలక మీద పెట్టుకుని, కింద కాళ్లతో తొక్కుతూ ఎక్కాలు చదువుతాడు. కాళ్లు ఆడుతుంటేనే వాడికి చదువు మీద ధ్యాస నిలుస్తుంది.

పని చేసిన వెంటనే ఒక గుండీ సీసాలో వేసుకుంటాడు. ఐదు గుండీలైతే ఆ సాయంత్రమే పానగల్లు వైపు ఉదయ సముద్రం చెరువు కట్ట మీదికి వాళ్ల నాయిన తీసుకెళ్తాడు. నెలాఖరుకు సైకిల్ కొనిస్తానంటే పనికి రాలేదు, నెలాఖరు వాడికి చాలా దూరం. ఒకసారి కోపంలో సంపాదించిన గుండీలు వెనక్కి తీసుకున్నాను. వారం రోజులు సీసా ముట్టలేదు. ఆ పని మళ్లీ చేయలేదు. మెచ్చుకునేటప్పుడు కూడా "మంచోడివి" అనకుండా, "చెప్పగానే చెప్పులు జాగాలో పెట్టినవ్" అని చేసిన పనే చెప్తాను.

కట్ట మీద మాత్రం చెయ్యి వదలం. ఈ పిల్లలు ఆలోచించేలోపే కాలు ముందుకు పడుతుంది. చెరువు, బావి, కాలువ, మెయిన్ రోడ్డు దగ్గర చెప్పి ఊరుకుంటే చాలదు, పక్కనే ఉండాలి. సద్దుల బతుకమ్మ రోజు చెరువు దగ్గర వాడి కోసమే ఒక మనిషిని పెడతాం.

పాత బడిలో రోజూ తరగతి బయట నిలబెట్టేవాళ్లు. మాన్పించాం. కొత్త టీచర్‌ను మూడే అడిగాను: ముందు బెంచీ, మధ్యలో లేచి నడిచే చిన్న పని ఏదైనా, శిక్షగా ఆటల పీరియడ్ తీసేయకుండా ఉండడం. డైరీలో రోజుకు ఒక్క విషయమే రాస్తారు, లెక్కలు పూర్తి చేశాడా లేదా అని.

మందుల గురించి భయపడ్డాను, చదివాను, అడిగాను. 6 ఏళ్లలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రులకు శిక్షణే ఇప్పిస్తారు. ఆ పైన అవసరాన్ని బట్టి మందు ఇస్తారు. మావాడికి మిథైల్‌ఫెనిడేట్ రాశారు. వేసుకున్న రోజే కొన్ని గంటలు పనిచేస్తుంది. ఆకలి మందగిస్తుంది, కొందరికి నిద్ర తగ్గుతుంది. అందుకే మాత్రకు ముందే జొన్నరొట్టె, గుడ్డు కడుపునిండా పెడతాను. రాత్రి భోజనం మళ్లీ గట్టిగా. ఎత్తు, బరువు డాక్టర్ చూస్తూ ఉంటారు. మోతాదు మనంతట మనం మార్చకూడదు, ఆపకూడదు. మాత్ర వాడిని కూర్చోబెడుతుంది గానీ బ్యాగు సర్దడం నేర్పదు, అది మనమే నేర్పాలి.

చుట్టాలు దిష్టి అన్నారు, నా గారాబం అన్నారు. చివరకు మా అత్తమ్మే ఒక రాత్రి చెప్పింది, "వీళ్ల నాయిన గూడ చిన్నప్పుడు గిట్లనే ఉండె." ఇది చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేదని డాక్టర్ అన్నప్పుడు నా పెంపకం మీద నాకున్న అనుమానం పోయింది. అప్పటి నుంచి వాడి సాయంత్రం చదువు మా ఆయనే చూసుకుంటున్నాడు. నాకు ఒక గంట మిషన్ మీద నిమ్మళంగా కూర్చోవడం దొరికింది. ఆ గంట లేని రోజున నాకు ఓపిక ఉండదు, కాబట్టి దాన్ని వదులుకోను.

రాత్రి తొమ్మిదికి ఫోను అల్మారాలో పెట్టేస్తాం. బ్యాగు, బూట్లు, నీళ్ల సీసా గడప పక్కన వాడే వరసగా పెడతాడు. ఏదైనా మర్చిపోతే నేను పెట్టను, వేలితో చూపిస్తాను.