బానిసత్వ కాలం నేపథ్యంగా నల్లజాతి ప్రేమకథ రాయడం ఎలా?

ముందు ఏడాది, ఊరు తేల్చుకోండి. అమెరికా బానిసత్వం రెండు వందల ఏళ్లకు పైగా సాగింది, అన్నాళ్లూ ఒకేలా లేదు. 1808లో బయటి నుంచి బానిసల దిగుమతిని నిషేధించాక దేశం లోపలి అమ్మకాలు జోరందుకున్నాయి. వర్జీనియాలో పెళ్లాన్ని వదిలి మిసిసిపీ పత్తి తోటలకు అమ్ముడుపోయిన మగవాళ్లు ఎందరో. పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించాలనే 1850 చట్టం వచ్చాకైతే బానిసత్వం లేని ఉత్తరాదికి పారిపోయినా పట్టుకొచ్చేవారు. మీ కథ వీటిలో దేనికి ముందు, దేనికి వెనక?

తర్వాత జంట. ఇక్కడ నాది మొండి పట్టే: యజమానిని హీరోని చేయకండి. కాదనే హక్కు లేని మనిషి సరేనన్నా అది ఒప్పుకోలు కాదు. పైగా వర్జీనియాలో 1662 నుంచే తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని చట్టం ఉంది, తండ్రి ఎవరైనా సరే. ఒకరినొకరు కోరుకున్న ఇద్దరు నల్లవాళ్లనే కథ మధ్యలో నిలపండి. ఇద్దరిలో ఒకరు స్వేచ్ఛ పొందినవాళ్లైనా బాగుంటుంది, అలాంటి జంటలూ ఉండేవి.

విలన్ కోసం వెతుక్కోనక్కర్లేదు, చట్టమే ఉంది. బానిసల పెళ్లికి దాని దృష్టిలో విలువ లేదు. చాలామంది భార్యాభర్తలు వేర్వేరు తోటల్లో ఉండేవారు. శనివారం రాత్రి అతను యజమాని రాసిచ్చిన చీటీ పట్టుకుని మైళ్ల దూరం నడిచి వెళ్లాలి. దారిలో గస్తీవాళ్లు ఆపుతారు, చీటీ లాక్కుని చదువుతారు. అందులో ఏం రాసుందో అతనికి తెలియదు, చదువు నేర్పడమే చాలా రాష్ట్రాల్లో నేరం. వాళ్లు చదువుతున్నంతసేపూ అతను వాళ్ల ముఖాల్లోనే చదువుకోవాలి. ఈ ఒక్క సన్నివేశాన్ని నింపాదిగా రాయండి, పది కొరడా దెబ్బల కంటే ఎక్కువ పలుకుతుంది.

పెళ్లి ఘట్టంలో రచయితలందరూ జంట చేత నేలమీది చీపురు దాటిస్తారు. ఆ ఆచారం ఉన్నమాట నిజమే, అన్నిచోట్లా లేదు. "చావో దూరమో విడదీసేదాకా" అని ప్రమాణం చేయించిన పాదరీలూ ఉన్నారు. నేనైతే ఆ మాటే వాడతాను.

ముగింపు సుఖంగా ఉండాలంటే చరిత్రలో దారులున్నాయి. 1848 డిసెంబరులో జార్జియా నుంచి ఎలెన్, విలియం క్రాఫ్ట్ దంపతులు పారిపోయారు. తెల్లగా కనిపించే ఎలెన్ జుట్టు కత్తిరించుకుని జబ్బుపడ్డ దొరబాబు వేషం కట్టింది, విలియం ఆమె బానిసగా నటించాడు. రాయడం రాదు కనుక సంతకం పెట్టమంటే దొరికిపోతుందని కుడిచేతిని కట్టుతో వేలాడదీసుకుంది. క్రిస్మస్ నాటికి ఫిలడెల్ఫియా చేరారు. 1850లో బోస్టన్‌లో మళ్లీ, ఈసారి చట్టబద్ధంగా, పెళ్లి చేసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఇంకో దారి, బానిసత్వాన్ని అంతం చేసిన అంతర్యుద్ధం ముగిశాక విడిపోయినవాళ్లు పత్రికల్లో ప్రకటనలిచ్చి ఒకరినొకరు వెతుక్కోవడం. కానీ తాను పారిపోయి, ఆపై ఎందరో బానిసలను తప్పించిన హారియట్ టబ్‌మన్ 1851లో భర్త కోసం వెనక్కి వెళ్లేసరికి అతను మరొకామెతో కాపురం పెట్టేశాడు. దీన్ని కూడా మనసులో పెట్టుకోండి.

ఇక సంభాషణలు. 1936-38 మధ్య ఒకప్పటి బానిసలు రెండు వేల మందికి పైగా చెప్పిన జ్ఞాపకాలు దొరుకుతాయి, చదవండి. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు కనుక ముసలివాళ్లు ఆచితూచి మాట్లాడారని గుర్తుంచుకోండి. వాళ్ల యాసను చూపాలని పాత్రల చేత వచ్చీరాని తెలుగు పలికించకండి. యజమాని ముందు ఒకలా, గుడిసెలో ఒకలా మాట్లాడించండి, ఆ తేడా చాలు.