పాత హాలీవుడ్ ప్రేమకథలు ఇంట్లో చూపించాలంటే

బెంగళూరు ఫ్లాట్‌లో ఆదివారం కుర్రాళ్లని కూర్చోబెట్టి చూపించాలంటే 1953 నాటి 'రోమన్ హాలిడే'తో మొదలుపెట్టండి. రెండు గంటల్లోపే అయిపోతుంది, ముగింపు ఇవాళ్టికీ గుండె పట్టేస్తుంది.

టీవీలో పిక్చర్ సైజు 'ఒరిజినల్'లో ఉంచండి. 'ఫుల్'లో పెడితే దాదాపు చదరంగా తీసిన బొమ్మ అడ్డంగా సాగి, హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్ మొహం ఉబ్బినట్టు కనిపిస్తుంది. పక్కల నల్లపట్టీలు ఉండాల్సిందే. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నునుపుగా చూపించే టీవీ సెట్టింగ్) ఆపేయండి, లేదంటే సీరియల్‌లా ఉంటుంది. సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

1934 నుంచి గట్టిగా అమలైన సెన్సార్ నియమాల వల్ల అప్పటి ప్రేమ ఎక్కువగా చూపుల్లో, మాటల్లో నడుస్తుంది. ఆ సంగతి ముందే చెప్పండి.

'గాన్ విత్ ద విండ్' మొదటి రోజే వద్దు. దాదాపు నాలుగు గంటలు, పైగా బానిసత్వానికి అందమైన రంగు పూస్తుంది. హీరో రెట్, హీరోయిన్ స్కార్లెట్‌ని బలవంతంగా మేడ మీదికి ఎత్తుకెళ్లే సీను ఇవాళ ప్రేమలా అనిపించదు. అక్కడ ఆపి, మాట్లాడుకున్నాకే ముందుకెళ్లండి.