ఇంట్లో గుమ్మడి పిందె నిలిచిన వైనం

కుండీలో గుమ్మడి తీగ ఏపుగా సాగింది, పూలూ పూసింది. పిందెలు మాత్రం పసుపుబారి రాలిపోయేవి. ఎరువు మార్చడం, నీళ్లు తగ్గించడం, ఫ్యాను పెట్టడం, సాయంత్రాలు బ్రష్షుతో పూలకు పుప్పొడి రాయడం అన్నీ దండగే.

చివరికి పనిచేసింది ఇది. అడుగున బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగపువ్వు. రెండూ విచ్చిన ఉదయమే, 9 గంటలలోపు, మగపువ్వును కాడతో కోసి రేకులు తుంచేశాను. లోపలి కేసరాన్ని (పుప్పొడి ఉండే కాడను) వేలితో తాకి చూశాను. పసుపు రంగు పుప్పొడి అంటితేనే ముందుకు వెళ్లాలి. ఆ కేసరాన్ని ఆడపువ్వు మధ్యనున్న బొడిపెలన్నిటికీ మెల్లగా రుద్దాను. ఒక వైపే రుద్దితే కాయ వంకరగా ఎదగవచ్చు.

నాలుగో రోజుకు పిందె లావెక్కింది. ఇలా చేసిన మూడింటిలో రెండే నిలిచాయి, కాబట్టి ఇది తిరుగులేని మందు అనను. గది బాగా వేడిగా ఉంటే పుప్పొడే చచ్చుబడుతుంది.