గురి కుదరడం లేదా? సైట్ స్క్రూ తిప్పేముందు కన్ను చూసుకోండి

ఎయిర్ పిస్టల్‌గానీ ఎయిర్ రైఫిల్‌గానీ కొత్తగా పట్టినవాళ్లు, షాట్లు పక్కకు పోగానే సైట్ (తుపాకీ మీద గురి చూసే భాగం) స్క్రూల మీద చెయ్యేస్తారు. కుడిచేతి వాటంవాళ్లకు ఎడమకన్ను బలమైనదైతే, లేదా కళ్లద్దాలు సరిపడకపోతే స్క్రూ ఎంత తిప్పినా లాభం ఉండదు. ముందు ఏ కంటితో గురి చూడాలో తేల్చుకోవాలి. తర్వాత ఆ కంటికి అద్దం. స్క్రూలు ఆఖర్న.

ఏ కన్ను బలమైనది?

చేతులు పూర్తిగా చాచి, రెండు అరచేతుల మధ్య చిన్న సందు వదలండి. రెండు కళ్లూ తెరిచి, 4-5 మీటర్ల దూరంలోని స్విచ్‌ను ఆ సందులోంచి చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏది మూస్తే స్విచ్ మాయమవుతుందో అదే బలమైన కన్ను. రోజూ పెట్టుకునే అద్దాలతోనే చేయాలి, ఐదారుసార్లు చేయాలి. ఒక్కోసారి ఒక్కో ఫలితం వస్తే ఏ కన్నూ గట్టిగా పైచేయి కాదన్నమాట. ఇలాంటివాళ్లకు అలసట వచ్చాక గురి ఒక కంటి నుంచి ఇంకో కంటికి మారిపోతూ ఉంటుంది.

సైట్లు రెండుగా కనిపిస్తున్నాయి, గురి పెట్టేలోపు తల కదులుతోంది

రెండో కన్ను పోటీకి వస్తోంది. దాన్ని గట్టిగా మూసుకుంటే ముఖ కండరాలు బిగుసుకుని, కాసేపటికి గురి చూసే కన్ను కూడా ఒణుకుతుంది. నల్ల గుడ్డతో కప్పినా చిక్కే: ఒక కంటికి చీకటి పడితే రెండో కంటి పాప కూడా కొంత పెద్దదవుతుంది, అంచులు మసకబారతాయి. అందుకే వెలుతురు వచ్చే తెల్లటి, పాలరంగు ప్లాస్టిక్ ముక్కను వాడండి. పోటీ నిబంధనల ప్రకారం దాని వెడల్పు 30 మి.మీ. మించకూడదు. ఇంట్లో సాధనకైతే అద్దం మీద అతికించిన సెల్లోటేపు ముక్క చాలు.

కుడిచెయ్యి, ఎడమకన్ను: ఏది మార్చాలి?

పిస్టల్‌కైతే చెయ్యి మార్చనక్కర్లేదు. కుడిచేత్తోనే పట్టుకుని ఎడమకంటితో చూడండి. ఛాతీని లక్ష్యం వైపు ఇంకాస్త తిప్పి నిలబడితే మెడ మెలితిప్పే పని తప్పుతుంది. తలను భుజం మీదికి వాల్చడం మాత్రం వద్దు, సైట్లు పక్కకు ఒరుగుతాయి.

రైఫిల్ సంగతి వేరు. చెంప స్టాక్‌కు (భుజానికి ఆనించే వెనక భాగానికి) ఆనుకుంటుంది కాబట్టి భుజం వైపున్న కన్నే సైట్ వెనక్కి వస్తుంది. సాధన మొదలుపెట్టి కొన్ని నెలలే అయిన పిల్లలైతే ఎడమ భుజానికి మారిపోవడమే మేలని మా అభిప్రాయం. వాటం మారదనుకునేవాళ్లకు హంగరీ షూటర్ కరోలీ టకాచ్ ఉన్నాడు: 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి దెబ్బతింటే ఎడమచేత్తో నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచాడు. ఏళ్లుగా కుడిభుజంతో కాలుస్తున్నవాళ్లు మాత్రం ఎడమకంటిని కప్పి కుడికంటితోనే కొనసాగవచ్చు, కుడికంటి చూపు బాగుంటే. చార్టు మీద కుడికన్ను అద్దంతో కూడా 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) దాటకపోతే, ఎడమకన్ను 6/6 ఉంటే, ఆలోచించకుండా ఎడమకే మారండి.

ఎగిరే మట్టి పళ్లాలను షాట్‌గన్‌తో కాల్చే ట్రాప్, స్కీట్‌లలో ఈ తేడా దాచుకోలేం. షాట్‌గన్‌కు వెనక సైట్ ఉండదు, కన్నే వెనక సైట్. కుడిభుజాన తుపాకీ, ఎడమకంటి గురి అయితే కళ్ల మధ్యనున్న 6 సెం.మీ.ల తేడా 30 మీటర్ల దగ్గర 1.7-1.8 మీటర్లవుతుంది, గుళ్లు ఎడమకు పోతాయి.

లక్ష్యం మీది నల్ల చుక్క స్పష్టం, ఫ్రంట్ సైట్ మసక

దూరపు చూపుకు రాసిన అద్దాలతో గురి చూసేవాళ్లకు, ముఖ్యంగా నలభై దాటినవాళ్లకు ఇది మామూలు. పిస్టల్ ఫ్రంట్ సైట్ (గొట్టం ముందు కొసన ఉండేది) కంటికి సుమారు 1 మీటరు దూరంలో ఉంటుంది. అది మసకైతే ఏమవుతుందో లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య 320 మి.మీ. ఉన్న పిస్టల్‌లో ఫ్రంట్ సైట్ వెనక సైట్ గంటులో 1 మి.మీ. పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర గుండు 31 మి.మీ. పక్కకు పోతుంది, 10 పాయింట్లు రావాల్సిన షాట్‌కు 7 వస్తాయి. చెయ్యి మొత్తంగా 1 మి.మీ. కదిలితే నష్టం దాదాపు అంతే, 1 మి.మీ. కాబట్టి నల్ల చుక్క కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు, ఫ్రంట్ సైట్ అంచు పదునుగా ఉండాలి.

గురి చూసే కంటి దూరపు పవర్‌కు +0.50 కలపండి. −2.00 ఉన్నవారికి −1.50, +1.00 ఉన్నవారికి +1.50. చత్వారం ఉన్నవాళ్లకు పిస్టల్‌లో +0.75, ఒక్కోసారి +1.00 కావాలి. క్లినిక్‌కు పిస్టల్ తీసుకెళ్లకండి. కంటి నుంచి ఫ్రంట్ సైట్‌కు దూరం టేపుతో కొలిపించుకుని ఆ అంకె చెప్పండి, ట్రయల్ ఫ్రేములో 0.25 చొప్పున మార్చి చూపిస్తారు. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలతో గురి చూడొద్దు. తల కొంచెం కదిలినా పవర్ మారిపోతుంది.

నిలబడితే బాగుంది, పడుకుని కాలిస్తే మసక

రైఫిల్‌లో తల ముందుకు వాలి, చూపు అద్దం పై మూలలోంచి పోతోంది. మామూలు ఫ్రేముతో ఇది సర్దుబాటు కాదు. లెన్స్‌ను కావలసిన చోటికి జరుపుకునే షూటింగ్ ఫ్రేము తీసుకుని, లెన్స్ మధ్యభాగం రైఫిల్ వెనక సైట్‌లోని పీప్ రంధ్రానికి ఎదురుగా, చూపుకు లంబంగా ఉండేట్టు బిగించండి. కాంటాక్ట్ లెన్స్ అయినా సరే.

చుక్క కోడిగుడ్డులా, లేదా నీడతో కనిపిస్తోంది

సిలిండర్ పవర్ (కంటి వంపులోని తేడాకు ఇచ్చే పవర్) సరిచేయలేదు, లేదా లెన్స్ ఫ్రేములో తిరిగిపోయి యాక్సిస్ (ఆ పవర్ ఉండాల్సిన కోణం) తప్పింది. లెన్స్ తిప్పి చూడండి, గుండ్రంగా మారితే అదే కారణం. రెడ్ డాట్ సైట్‌లో (గురికి ఎర్ర చుక్క చూపించే సైట్‌లో) చుక్క చీలినట్టు కనిపిస్తే ఫోన్ కెమెరాతో చూడండి. అందులో గుండ్రంగా ఉంటే లోపం కంటిది, సైట్‌ది కాదు. రెండో కన్ను మూసినా నీడ పోకపోతే కంటి డాక్టరుకు చూపించండి. శుక్లంగానీ కార్నియా లోపంగానీ కావచ్చు.

షాట్లన్నీ కింద ఎడమవైపే

కుడిచేతివాళ్లకు ఇది ఎక్కువగా ట్రిగ్గర్ గుంజడం వల్ల, కంటి వల్ల కాదు. రెండో కన్ను కప్పి, పిస్టల్‌ను మెత్తటి ఆసరా మీద ఆనించి ఐదు షాట్లు కాల్చండి. గ్రూపు (షాట్లు పడ్డ గుంపు) మధ్యకు వస్తే మళ్లీ చేత్తో పట్టుకుని, ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చేయండి. ఆసరా మీద కూడా అక్కడే పడితే, ఇప్పుడు సైట్ స్క్రూ తిప్పొచ్చు.