సొంతంగా విండోస్ – 6వ పాఠం: ఇన్‌స్టాల్ అయింది, లాప్‌టాప్ లేవడం లేదు

ఈ పాఠంలో డ్రైవర్ల సంగతి చూడాల్సింది. కానీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఇన్‌స్టాల్ చేసే గత పాఠం చేసినవారిలో చాలామంది అక్కడిదాకా రానేలేదు. ఇన్‌స్టాల్ పూర్తయి రీస్టార్ట్ కాగానే నల్లటి తెర మీద "నో బూటబుల్ డివైస్" అని వచ్చి ఆగిపోయింది. కొందరు మళ్లీ మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేశారు, మళ్లీ అదే వచ్చింది. కాబట్టి డ్రైవర్లు తర్వాత. ముందు దీన్ని తేల్చుకుందాం.

ఆ తెర చూసి విండోస్ పాడైందనుకోకండి. చాలావరకు ఫైళ్లన్నీ డిస్క్‌లోనే ఉంటాయి. వాటిని లేపే చిన్న ఫైలు ఎక్కడుందో లాప్‌టాప్‌కు దొరకడం లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చేసిన పొరపాటే మళ్లీ చేసినట్టవుతుంది.

రీస్టార్ట్ అయ్యాక సెటప్ మళ్లీ మొదటి తెర నుంచి మొదలవుతోందా? అది సమస్య కాదు. పెన్‌డ్రైవ్ ఇంకా ముందు వరుసలో ఉంది. మొదటి రీస్టార్ట్‌కే దాన్ని పీకేయండి. బూట్ వరుసను (లాప్‌టాప్ లేవడానికి ఏ డ్రైవ్‌లో ముందు వెతకాలో చెప్పేది) శాశ్వతంగా మార్చడం నాకు నచ్చదు. ఒక్కసారికి పనికొచ్చే బూట్ మెనూ చాలు, ఆన్ చేయగానే నొక్కాల్సిన కీ: డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే. కాకపోతే చాలా మోడళ్లలో దాన్ని ముందుగా బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగులు) ఆన్ చేయాలి.

ఇప్పుడు అసలు ఉచ్చు. లాప్‌టాప్ లేవకపోతే చాలామంది బయోస్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి తీసేసి లెగసీ అనే పాత పద్ధతి పెడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను.

లెగసీ పద్ధతిలో లాప్‌టాప్ డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లోని కోడ్‌ను చదివి దాన్నే నడుపుతుంది. యూఈఎఫ్ఐ పద్ధతిలో ఆ కోడ్‌తో పనిలేదు. డిస్క్‌లో ఫ్యాట్32తో ఫార్మాట్ చేసిన ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి ఉంటుంది, మామూలుగా 100 ఎంబీ. అందులోని బూట్ ఫైలును నేరుగా తెరుస్తుంది. విండోస్ 8తో, అంటే 2012 నుంచి, వచ్చిన లాప్‌టాప్‌లు యూఈఎఫ్ఐవే. వాటిలో డిస్క్ జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతిలో ఉంటుంది. ఇలాంటి డిస్క్‌ను పెట్టుకుని లెగసీకి మారిస్తే, అది వెతికే కోడ్ అక్కడ ఉండదు. లేవని లాప్‌టాప్ ఇంకా లేవదు. అప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్ పెడతారు. సెటప్ "ఈ డిస్క్ జీపీటీలో ఉంది, ఇక్కడ ఇన్‌స్టాల్ కుదరదు" అంటుంది. దానికి విరుగుడని ఎవరో చెప్పగా పార్టిషన్లను మార్చే డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో క్లీన్ కమాండ్ ఇస్తారు. అంతటితో డీ డ్రైవ్‌లో దాచుకున్న ఫోటోలతో సహా పార్టిషన్లన్నీ పోతాయి. ఒక్క సెట్టింగ్ మార్చినందుకు ఇంత దూరం. దీనికి తోడు, లెగసీ పెట్టాలంటే సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ ఆఫ్ చేయాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఉంటే అది ఆఫ్ చేయగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు.

ఎవరిని అడిగినా చెప్పే బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ అనే కమాండ్ కూడా ఇలాంటిదే. అది సరిచేసేది మొదటి సెక్టార్‌నే. యూఈఎఫ్ఐ దాన్ని చూడనే చూడదు. దాని జత కమాండ్ ఫిక్స్‌బూట్ ఇస్తే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని రావడం మామూలే. దాని వెంట పడకండి. స్టార్టప్ రిపేర్ అనే విండోస్ ఆటోమేటిక్ మరమ్మతును నేనైతే ముట్టుకోను. చాలాసేపు తిరిగి, చివరికి చేతులెత్తేస్తుంది.

ఇక మరమ్మతు. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. సెటప్ తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. నల్లటి కమాండ్ కిటికీ తెరుచుకుంటుంది. కింది కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లిషులో టైపు చేయండి.

డిస్క్‌పార్ట్
లిస్ట్ డిస్క్
లిస్ట్ వాల్యూమ్

మొదటి జాబితాలో కుడి చివర జీపీటీ అనే వరుస ఉంటుంది. మీ డిస్క్‌కు ఎదురుగా ఆ వరుసలో నక్షత్రం గుర్తు ఉండాలి. రెండో జాబితాలో ఫ్యాట్32 అని, 100 ఎంబీ అని, చివర హిడెన్ అని ఉన్నదాన్ని వెతకండి. పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32గానే కనిపించొచ్చు. సైజు చూస్తే తేడా తెలిసిపోతుంది. దొరికినదాని నంబరు 3 అనుకుందాం.

సెలెక్ట్ వాల్యూమ్ 3
అసైన్ లెటర్ ఈక్వల్స్ ఎస్
ఎగ్జిట్

ఇక్కడ డ్రైవ్ అక్షరాలను నమ్మకండి. మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ కావచ్చు, ఈ కావచ్చు. డీఐఆర్, స్పేస్, డీ, కోలన్ అని కొట్టండి. విండోస్, యూజర్స్ ఫోల్డర్లు కనిపిస్తే అదే మీ విండోస్. డ్రైవ్ బిట్‌లాకర్‌తో లాక్ అయిందని వస్తే ముందు రికవరీ కీతో తెరవాలి. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ తర్వాత, బూట్ ఫైళ్లను కొత్తగా రాసే బీసీడీబూట్ కమాండ్ ఇవ్వండి:

బీసీడీబూట్, స్పేస్, డీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యూఈఎఫ్ఐ

"బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని ఒకే ఒక్క వాక్యం వస్తుంది. కిటికీ మూసి, పెన్‌డ్రైవ్ తీసి, రీస్టార్ట్ చేయండి.

ఆ 100 ఎంబీ వాల్యూమ్ అసలు కనిపించకపోతే? రెండు డ్రైవ్‌లున్న లాప్‌టాప్‌లలో ఇది తరచూ జరుగుతుంది. పాత డ్రైవ్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే, సెటప్ చాలాసార్లు కొత్తది చేయకుండా దాన్నే వాడేస్తుంది. తర్వాత ఆ పాత డ్రైవ్‌ను తీసేస్తే కొత్తది లేవదు. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండో డ్రైవ్‌ను విప్పి పక్కన పెట్టడం మంచిది. ఇప్పటికే జరిగిపోయి ఉంటే, డిస్క్‌పార్ట్‌లో విండోస్ ఉన్న వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి 'ష్రింక్ డిజైర్డ్ ఈక్వల్స్ 300' ఇవ్వండి. తర్వాత 'క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్ ఈక్వల్స్ 260', ఆపైన 'ఫార్మాట్ ఎఫ్ఎస్ ఈక్వల్స్ ఫ్యాట్32 క్విక్', మళ్లీ 'అసైన్ లెటర్ ఈక్వల్స్ ఎస్'. అక్కడి నుంచి పైన చెప్పిన బీసీడీబూట్.

విండోస్ లోగో వచ్చి, ఆ తర్వాత "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని తెర వస్తే ఇదంతా అనవసరం. బూట్ ఫైలు బాగానే ఉంది. ఇన్‌స్టాల్ అయ్యాక బయోస్‌లో ఎవరో డిస్క్‌ను నడిపే సెట్టింగులైన వీఎండీనో, సాటా మోడ్‌నో మార్చి ఉంటారు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎలా ఉందో అలాగే పెట్టేస్తే లేస్తుంది. సెటప్‌లో డిస్క్ కనిపించక ఇబ్బంది పడినవారి సంగతి కూడా చాలావరకు ఇదే. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ ఆన్‌లో ఉంటే సెటప్‌కు ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ ఇవ్వాలి. డౌన్‌లోడ్ చేసిన ఈఎక్స్ఈ ఫైలును సెటప్ తీసుకోదు. దాన్ని విప్పి, ఐఎన్ఎఫ్ అనే డ్రైవర్ ఫైళ్లున్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూపించాలి.

సాధన: సొంత లాప్‌టాప్ మీద చేయకండి. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) ఈఎఫ్ఐ ఆప్షన్ ఆన్ చేసి, 64 జీబీ డిస్క్ ఇచ్చి విండోస్ వేయండి. ఐఎస్ఓ అనే విండోస్ సెటప్ ఫైలుతో బూట్ చేసి, ఈఎఫ్ఐ వాల్యూమ్‌ను మీరే ఫార్మాట్ చేసి చెడగొట్టండి. లేవడం లేదని నిర్ధారించుకుని, బీసీడీబూట్‌తో బాగుచేయండి. రెండోసారి ఆ పార్టిషన్‌ను 'డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్' ఇచ్చి పూర్తిగా తీసేసి, కొత్తది కట్టి లేపండి. మూడోసారి ఈ పాఠం ముందు పెట్టుకోకుండా, పది నిమిషాల్లో చేయాలి. అది కుదిరాకే 7వ పాఠం తెరవండి.