చిన్న చెక్క అలమర – మూడో పాఠం: పెట్టె బిగింపు

పోయిన పాఠంలో ముక్కలన్నీ కోసి, అంచులు సాపు చేసి పెట్టుకున్నాం. ఇప్పుడు మీ బల్ల మీద 18 మి.మీ. ప్లైవుడ్‌తో కోసిన పక్క పలకలు రెండు (600 × 250), పైపలక, అడుగుపలక, లోపలి అర ఉండాలి. వెనక కొట్టడానికి 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఒకటి కూడా ఉండాలి. పక్క పలకల్లో లోపలి అరని మోసే పిన్నుల కోసం 5 మి.మీ. రంధ్రాలు వేసే పని అప్పుడే అయిపోయింది. తలుపు ముక్క మాత్రం కోయొద్దన్నాను. ఇంకా కోయకపోతే మంచిదే, కోసేసి ఉంటే దాన్ని ఈ పాఠం అయ్యేదాకా పక్కన పెట్టండి.

ఇవాళ్టి పని జిగురు పూసి ఈ ముక్కల్ని పెట్టెగా బిగించడం. అలమర మొత్తంలో నేను అన్నిటికంటే జాగ్రత్తగా చేసే పని ఇదే. తలుపు సరిగ్గా పడకపోతే అందరి చూపూ ముందు బందుల మీదికే పోతుంది. బందులు విప్పుతారు, మళ్లీ బిగిస్తారు, కొత్తవి కొంటారు. చాలాసార్లు అసలు లోపం పెట్టెలో ఉంటుంది. మూలలు 90 డిగ్రీలకు రాకపోతే ఎంత మంచి బందు వేసినా తలుపుకి ఒక పక్క సందు కనిపిస్తూనే ఉంటుంది. జిగురు పచ్చిగా ఉన్నంతసేపూ ఆ లోపాన్ని చేత్తో నెట్టి సరిచేయవచ్చు. ఆరిపోయాక రంపంతో కోసి విడదీయాల్సిందే.

టేపు కంటే ముందు వేలు

పైపలకనీ అడుగుపలకనీ ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఒక చివర రెండూ ఒకే చదునైన చెక్కకి ఆనేలా నెట్టి పట్టుకుని, రెండో చివర వేలికొనతో అడ్డంగా తడమండి. గోరుకి చిన్న మెట్టు తగిలితే పొడవుల్లో తేడా ఉన్నట్టే. టేపు గీతల మధ్య కంటికి ఆనని తేడా కూడా వేలికి దొరికిపోతుంది. పొడవుగా ఉన్న ముక్కని గరుకు కాగితం చుట్టిన దిమ్మతో కొద్దికొద్దిగా రుద్ది రెండోదానితో సమానం చేయండి. పక్క పలకలకీ ఇదే పరీక్ష చేయాలి.

దీన్ని దాటవేయకండి, ఎందుకంటే తర్వాత మనం చేయబోయే మూలల పరీక్ష దీని మీదే ఆధారపడింది. పెట్టె మూలలు సరిగ్గా ఉన్నాయా అని కర్ణాలు, అంటే మూల నుంచి ఎదురు మూలకి ఉండే దూరాలు, కొలిచి చూస్తాం. రెండు కర్ణాలూ సమానమైతే పెట్టె సరిగ్గా ఉన్నట్టు లెక్క. కానీ పైపలక కాస్త పొట్టిగా, అడుగుపలక కాస్త పొడవుగా ఉండి, పక్క పలకలు రెండు వైపులా సమానంగా లోపలికి వాలితే, అప్పుడు కూడా కర్ణాలు సమానంగానే వస్తాయి. టేపు సరే అంటుంది, పెట్టె మాత్రం సరిగ్గా ఉండదు. ఎదురెదురు ముక్కలు సమానమని ముందే తేల్చుకుంటేనే కర్ణాల పరీక్ష నిజం చెబుతుంది.

మందం సంగతి కూడా ఒకసారి చూసుకోండి. 18 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ నిజంగా 17.5 ఉండటం మామూలే. మన పెట్టె వెడల్పు 400. అందులోంచి రెండు పక్క పలకల మందం తీసేస్తే పైపలక పొడవు వస్తుంది. మందం కచ్చితంగా 18 అయితే 364, 17.5 అయితే 365. మీ చేతిలో ఉన్న పలక మందాన్నే లెక్కలోకి తీసుకోండి, బిల్లు మీద రాసిన అంకెని కాదు.

ఇప్పుడు గుర్తులు. రెండు పక్క పలకలనీ వెనక అంచులు పైకి వచ్చేలా పక్కపక్కనే చేర్చి పట్టుకుని, ఆ రెండు అంచుల మీదా కలిసి వచ్చేలా పెన్సిల్‌తో ఒక త్రిభుజం గీయండి. కొన అలమర పైవైపుకి ఉండాలి. విడదీస్తే ఒక్కో పలక మీద సగం త్రిభుజం మిగులుతుంది. ఏది ఎడమ, ఏది కుడి, ఏది పైకి అన్నది చూడగానే తెలిసిపోతుంది. పైపలక, అడుగుపలకలకి కూడా ఇలాగే ఇంకో త్రిభుజం, కొన పైపలక మీద ఉండేలా. జిగురు పూశాక ఆలోచించడానికి టైమ్ ఉండదు, అప్పుడు ఈ గీతలే దారి చూపిస్తాయి. వెనక పలక కొట్టేశాక ఇవి దాని కింద కప్పబడిపోతాయి కాబట్టి చెరపాల్సిన పని కూడా లేదు.

జిగురు లేకుండా ఒకసారి

బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరవండి. నాలుగు పలకలనీ ముందు అంచులు కిందికి, వెనక అంచులు పైకి ఉండేలా నిలబెట్టి పెట్టెగా చేర్చండి. ఇలా నిలబెడితే తలుపు వచ్చే వైపు అంచులన్నీ వాటంతట అవే ఒకే మట్టంలో ఉంటాయి. పైపలక దగ్గర ఒక క్లాంపు (ముక్కల్ని దవడల మధ్య నొక్కి పట్టే పనిముట్టు), అడుగుపలక దగ్గర ఒకటి వేసి మెల్లగా బిగించండి. క్లాంపు దవడల కింద పనికిరాని చెక్కముక్కలు పెట్టకపోతే పలక మీద గుంటలు పడతాయి.

పక్క పలకల బయటివైపు, పైచివర నుంచి 9 మి.మీ. లోపలికి ఒక గీత, కిందిచివర నుంచి 9 మి.మీ. లోపలికి ఒక గీత గీయండి. అది లోపల ఆనిన పలక మందానికి సరిగ్గా నడిమి. ఒక్కో గీత మీద ముందు అంచు నుంచి 40, 125, 210 దగ్గర గుర్తులు పెడితే మూడు స్క్రూలకి చోటు వస్తుంది. క్లాంపులు ఈ గుర్తులకి అడ్డం రాకుండా చూసుకోండి. స్క్రూలు 4 మి.మీ. లావు, 50 మి.మీ. పొడవువి. అందులో 18 మి.మీ. పక్క పలకలోనే పోతుంది, మిగిలిన 32 లోపలి పలకలో దిగి పట్టు ఇస్తుంది.

ఇక్కడ రంధ్రాలు రెండు సైజులు వేయాలి, చాలామంది ఒక్కటే వేసి ఊరుకుంటారు. ముందు 2.5 మి.మీ. బిట్‌తో పక్క పలక దాటి లోపలి పలకలోకి దిగేలా లోతుగా వేయండి. తర్వాత అదే రంధ్రాన్ని పక్క పలక మందం వరకే 4 మి.మీ.కి కాస్త పైన ఉండే బిట్‌తో పెద్దది చేయండి. స్క్రూ పక్క పలకలో వదులుగా జారాలి, లోపలి పలకలో మాత్రమే కరుచుకోవాలి. రెండు పలకల్లోనూ మరలు కరుచుకుంటే ఆ రెండిటి మధ్య ఉన్న సందు అలాగే నిలిచిపోతుంది. ఇంకెంత గట్టిగా తిప్పినా అది మూయదు, చివరికి లోపల ప్లైవుడ్ పొరలు చీలతాయి. స్క్రూ తల పలక మట్టానికి దిగేలా పైన చిన్న గుంట కూడా తీయండి.

డ్రిల్ చేసేటప్పుడు రెండో చేయి పెట్టె లోపల పెట్టొద్దు. బిట్ కొంచెం పక్కకి వాలినా పలక లోపలి ముఖంలోంచి బయటికొస్తుంది.

గోడకి వేలాడదీసే ఆలోచన ఉంటే ఇప్పుడే ఇంకో ముక్క చేర్చుకోవాలి. పైపలక పొడవే ఉండే 75 మి.మీ. వెడల్పు పట్టీ ఒకటి, పైపలకకి ఆనించి, వెనక అంచు మట్టానికి, పక్క పలకల్లోంచి స్క్రూలతో బిగించండి. గోడలోకి వెళ్లే స్క్రూలు ఈ 18 మి.మీ. పట్టీలోంచే పోవాలి. 6 మి.మీ. వెనక పలక మీద బరువు వేయడం ప్రమాదం. అది చిన్న మేకులతో నిలిచే పలక, సామాను నింపాక ఊడి వచ్చేస్తుంది.

స్క్రూలన్నీ బిగించి చూసి, సందులు లేవనుకున్నాక మళ్లీ అన్నీ విప్పేయండి.

జిగురు

పీవీఏ తెల్ల జిగురు చాలు. పూశాక ముక్కలు కదపడానికి దొరికే వ్యవధి సుమారు 5 నుంచి 10 నిమిషాలు. ఎండలో, ఫ్యాన్ కింద ఇంకా తగ్గుతుంది. కాబట్టి స్క్రూలు, డ్రిల్, క్లాంపులు, టేపు, తడిగుడ్డ అన్నీ చేతికందేలా పెట్టుకుని, ఫ్యాన్ ఆపి మొదలుపెట్టండి.

ప్లైవుడ్ అంచుని దగ్గరగా చూడండి. ఒక పొర నిలువు, తర్వాతి పొర అడ్డం, ఇలా మారుతూ ఉంటాయి. అంచు వైపు తిరిగి ఉన్న నాళాల పొరలు జిగురుని లోపలికి పీల్చేస్తాయి. ఒక్కసారి పూసి బిగిస్తే పైన మిగిలేది తక్కువ. అందుకే ముందు ఒక పల్చటి పూత వేసి ఒకటి రెండు నిమిషాలు వదిలేయండి. మెరుపు తగ్గి తడి లోపలికి పోయాక రెండో పూత వేసి అతికించండి. ఈ చిన్న పనితో అతుకు బలంలో చాలా తేడా వస్తుంది.

స్క్రూలు వేసి, ఆఖరి అర చుట్టు మాత్రం ఇంకా తిప్పకుండా వదిలేయండి. అతుకు పొడవునా సన్నటి జిగురు పూసలు వరుసగా బయటికి వస్తే సరిపడా పూసినట్టు. ఎక్కడైనా పొడిగా కనిపిస్తే అక్కడ తక్కువైనట్టు. లోపలి మూలల్లో వచ్చిన జిగురుని తడిగుడ్డతో రుద్దకండి, పలచబడి చెక్క నాళాల్లోకి దిగిపోతుంది, రేపు పాలిష్ వేసినప్పుడు అక్కడ రంగు పట్టదు. అరగంట ఆగితే రబ్బరులా అవుతుంది. అప్పుడు ఉలితో గీకితే తీగలా లేచి వస్తుంది. తడిగుడ్డ మీ వేళ్లకీ పనిముట్లకీ మాత్రమే.

కర్ణాలు

ఇప్పుడు వెంటనే కొలవాలి. బయటి మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టండి. 600 × 400 పెట్టెకి కర్ణం 721 మి.మీ. రావాలి. అంకె కచ్చితంగా అదే రావాలని పట్టుపట్టకండి, రెండు కర్ణాలూ ఒకటేనా అన్నదే ముఖ్యం. ఒకటి 723, రెండోది 719 వచ్చిందనుకోండి. 4 మి.మీ. తేడా అంటే పెట్టె పైభాగం కిందిదానికంటే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పక్కకి ఒరిగిందని అర్థం. తలుపు చుట్టూ మనం వదిలే సందే 2 మి.మీ. కాబట్టి ఇంత ఒరిగితే ఎవరి కంటికైనా కనిపిస్తుంది.

సరిచేయడం తేలిక. పొడవుగా ఉన్న కర్ణం మీద, మూల నుంచి మూలకి ఒక పొడవాటి క్లాంపు వేసి మెల్లగా బిగించండి. పొడవైనది తగ్గేకొద్దీ పొట్టిది పెరుగుతుంది, రెండూ 721 దగ్గర కలుస్తాయి. అరమిల్లీమీటరు దాటించి వదలండి, క్లాంపు తీయగానే పెట్టె కాస్త వెనక్కి వస్తుంది. పెద్ద క్లాంపు లేకపోతే ఆ రెండు మూలలనీ అరచేతులతో నొక్కినా ఈ సైజు పెట్టె మాట వింటుంది.

టేపు కొక్కెం మూల మీద జారుతుంది, అందుకే ఆఖరి పరీక్షకి నేను రెండు సన్నని పుల్లలు వాడతాను. ఒక్కోదానికి ఒక చివర కొన చెక్కి, రెండిటినీ జతగా పట్టుకుని, పెట్టె లోపల ఒక మూల నుంచి ఎదురు మూలకి కొనలు తగిలేదాకా జరపాలి. రెండూ కలిసిన చోట పెన్సిల్ గీత గీసి, అదే పట్టుతో రెండో కర్ణంలో పెట్టి చూడాలి. అంకెలు చదివే పని లేదు, గీత కలిస్తే కర్ణాలు సమానం. కలిశాక స్క్రూల ఆఖరి అర చుట్టు తిప్పండి.

కర్ణాలు సమానమైనా పెట్టె మెలి తిరిగి ఉండవచ్చు. అంటే నాలుగు మూలల్లో ఒకటి గాల్లో ఉంటుంది. రెండు తిన్నని పట్టీలు తీసుకుని పైపలక దగ్గర ఒకటి, అడుగుపలక దగ్గర ఒకటి అడ్డంగా పెట్టి, కళ్లు ఆ మట్టానికి దించి, ఒక కన్ను మూసి చూడండి. ముందున్న పట్టీ అంచు, వెనకున్న పట్టీ అంచు ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కనిపిస్తే మెలి ఉంది. తప్పు సాధారణంగా బల్లదే. లేచిన మూల మీద కాస్త బరువు పెట్టి, దాని పక్క మూల కింద పల్చటి ముక్క దోపి సరిచేయండి.

వెనక పలక

ఈ పలుచటి పలక లేకపోతే పెట్టె ఎప్పటికీ పక్కకి ఊగుతూనే ఉంటుంది. దాన్ని నిలువునా ఒంచవచ్చు గానీ, దాని సొంత తలంలో పక్కకి జరపలేం. అంటే మనం కష్టపడి సాధించిన 90 డిగ్రీలని జీవితాంతం పట్టుకునేది ఇదే. కొలత 598 × 398, చుట్టూ 1 మి.మీ. తగ్గించాం కాబట్టి పక్క నుంచి అంచు కనిపించదు.

వెనక అంచుల మీద జిగురు పూసి పలకని పరిచి, ముందు ఒక పొడవాటి అంచు మాత్రమే 20 మి.మీ. మేకులతో, 100 మి.మీ.కి ఒకటి చొప్పున కొట్టండి. మళ్లీ కర్ణాలు చూడండి. తర్వాత పొట్టి అంచు, మళ్లీ చూడండి. అప్పుడే మిగతా రెండు అంచులు. నాలుగు మూలల్లో నాలుగు మేకులు ముందే కొట్టేస్తే పెట్టె ఎలా ఉంటే అలాగే ఇరుక్కుపోతుంది. ఇది ప్లైవుడ్ కాబట్టి జిగురు పూశాం. అసలు చెక్క పలకలతో వెనక వేస్తే మాత్రం జిగురు పూయకూడదు. అది వానాకాలం అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం సన్నబడుతుంది, కట్టేస్తే పగులుతుంది.

క్లాంపులు గంటసేపు ఉంచండి. బరువు పెట్టే పని, సానబట్టే పని 24 గంటల తర్వాతే.

తర్వాతి పాఠానికి తలుపు. అప్పటికి మీరు పెట్టెని తిప్పి ముందు వైపు కొలిచి రాసుకోండి: పెట్టె వెడల్పు పైన, మధ్యన, కింద, ఎత్తు ఎడమ పక్క, కుడి పక్క. మొత్తం ఐదు అంకెలు. వాటిని వెనక పలక మీదే పెన్సిల్‌తో రాస్తే కాగితం పోతుందన్న టెన్షన్ ఉండదు. మొదటి పాఠంలో గీసుకున్న ప్లాన్ ప్రకారం కాకుండా ఈ ఐదు అంకెల ప్రకారం తలుపు కోస్తాం.