ఫంక్షన్‌లో నోరు జారకుండా మాట్లాడటం ఎలా?

హైదరాబాద్‌లో ఏ ఫంక్షన్ హాల్‌కెళ్ళినా పక్క కుర్చీలో ఎవరుంటారో చెప్పలేం, ఒకరిది వరంగల్, ఒకరిది గుంటూరు, ఇంకొకరు తాతల కాలం నుంచి పాతబస్తీ. అందుకే మొదట అందరికీ మీరు, అండీ వాడేయండి, చనువొచ్చాక నువ్వులోకి దిగొచ్చు గానీ నువ్వు అనేశాక మళ్ళీ మీరులోకి ఎక్కడం కష్టం. నలభైల్లో ఉన్నావిడని ఆంటీ అనకండి బాబూ, అక్కా అనండి, డౌటుంటే మేడమ్.

"మీదే ఊరండీ?" అనడంలో తప్పేం లేదు, మనవాళ్ళకి మాట మొదలయ్యేదే అక్కడ. ఇబ్బందంతా దాని తర్వాతి ప్రశ్నతోనే. ఊరు చెప్పగానే "అక్కడ ఎవరి తాలూకు?", "ఇంటిపేరేంటి?", తర్వాత మెల్లగా "అంటే మీరూ..." అని సాగదీసి మొహం చూస్తారు చూడండి, కులం కోసం తవ్వుతున్నారని ఎదుటివాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయుంటుంది. ఊరి దగ్గరే ఆగి అక్కడి పంటలో, చెరువో, బస్సు రూటో అడగండి. మిమ్మల్నే ఎవరైనా తవ్వితే "మాది ఉప్పలేనండీ" అని నవ్వేసి ట్రాఫిక్ మీదకి తిప్పేయండి, 2017లో మెట్రో వచ్చినా సరే ఈ సిటీలో ఆ టాపిక్ అరగంట ఈజీగా నడుస్తది. ప్యాకేజీ, పెళ్ళి, పిల్లలు ఇవీ అంతే, వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినడమే. "ఎన్నో నెల?" అని మాత్రం సీమంతం కార్డు చేతికొచ్చేదాకా అడగొద్దు.

యాస మీద జోకులు వద్దు, "మీరు భలే మాట్లాడతారండీ సినిమాలో లాగా" అని మెచ్చుకున్నామనుకుంటాం, వాళ్ళకి కాలుతుంది.

వడ్డించేటప్పుడు మొదటి "వద్దు" మొహమాటం కావచ్చు, రెండోది నిజం, చెయ్యి ప్లేటుకి అడ్డం పెట్టారంటే గరిటె వెనక్కి తీసుకోండి, షుగరా అని అందరిలో ఆరా తీయొద్దు. రంజాన్ నెలలో రోజా ఉన్న ఫ్రెండ్‌ని ఇరానీ చాయ్ "ఒక్క సిప్పు" అని బలవంతం చేయకండి, ఇఫ్తార్ దాకా వాళ్ళు నీళ్ళు కూడా ముట్టరు.

పేరు మర్చిపోతే "నంబర్ సేవ్ చేస్కుంటా, పూర్తి పేరు చెప్పండి" అనడం పాత ట్రిక్కే, కానీ నంబర్ ఆల్రెడీ ఫోన్‌లో ఉందేమో ముందే చూస్కోండి. నోరు జారితే ఒక్క సారీ చాలు, "నా ఉద్దేశం అది కాదు" అని మొదలెడితే ఇంకా కంపవుద్ది.

బయల్దేరేటప్పుడు ఉత్త "పోతున్నా" అనరు, "వెళ్ళొస్తా" అనో "పోయొస్త" అనో అంటారు. పరామర్శకి చావింటికెళ్తే మాత్రం ఆ మాటే రాకూడదు, అక్కడ చెప్పకుండానే లేచి వచ్చేస్తారు, అలవాటుగా బాయ్ కూడా అనకండి.